విశాఖ వెలుగుబాట – 7వ భాగం: డుడుమ నీళ్లు, తాల్చేరు బొగ్గు

కిందటి భాగాన్ని 1933 అక్టోబరు 7 దగ్గర ఆపాం. ఆ రోజు సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి కొత్త రేవులోకి వచ్చింది. తెరచాపల కాలంలో వెలిగిన భీమిలి ఆవిరి ఓడలు వచ్చాక ఎందుకు డీలా పడిందో చూశాం. రాళ్లు నింపి కావాలని ముంచేసిన ‘జానస్’, ‘విల్లింగ్డన్’ అనే రెండు పాత ఓడలు విశాఖ రేవును అలల నుంచి ఎలా కాపాడాయో చెప్పుకున్నాం. గాలిని నమ్ముకున్న వర్తకం బొగ్గు చేతిలోకి వెళ్లిన కథ అది.

ఈసారి కథ సముద్రపు ఒడ్డు వదిలి కొండెక్కుతుంది.

సరిహద్దు మీద జలపాతం

మాడుగుల కొండల్లో పుట్టే ఒక ఏరు, పక్కనే సముద్రం ఉన్నా అటు రాకుండా ఉత్తరానికి పోతుంది. కొంత దూరం దాని పేరు మాచ్‌ఖండ్. తర్వాత దక్షిణానికి మళ్లి సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, శబరితో పాటు గోదావరికి చేరుతుంది. ఆ దారిలో డుడుమ దగ్గర దాదాపు 175 మీటర్ల ఎత్తు నుంచి ఒక్క ఉదుటున కిందికి దూకుతుంది. ముంచంగిపుట్టు వైపు నుంచి వెళ్లేవాళ్లకు జలపాతం కనపడకముందే హోరు వినిపిస్తుంది.

మద్రాసు ప్రభుత్వ ఇంజినీర్లు ఈ హోరును లెక్కల్లోకి మార్చడం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. అయితే అప్పటికి ప్రెసిడెన్సీలో నీటి కరెంటు అంటే దక్షిణాది సొత్తు. నీలగిరుల్లో పైకారా 1932లో వచ్చింది. మెట్టూరు 1937లో, పాపనాశం 1944లో వచ్చాయి. కోయంబత్తూరు మిల్లులు పైకారా కరెంటుతో పుంజుకుంటుంటే ఉత్తర సర్కారులకు దక్కింది విశాఖ, బెజవాడల్లో చిన్న థర్మల్ కేంద్రాలు. తెలుగు జిల్లాల మీద మద్రాసుకు చిన్నచూపు అనే మాట ఆ రోజుల్లో కాలేజీల గురించీ, కాలువల గురించీ ఎంతగా వినిపించేదో కరెంటు గురించీ అంతే వినిపించేది. ఆంధ్రోద్యమానికి ఇంధనమైన అసంతృప్తుల్లో దీన్నీ చేర్చాలి.

ఇంతలో పటం మారింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైంది. అంతవరకూ విశాఖపట్నం జిల్లాలో ఉన్న జయపురం జమీ, కోరాపుట్ కొండలు అటు వెళ్లిపోయాయి. ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన దాతల్లో ముందు వరసలో చెప్పుకునే జయపురం మహారాజు విక్రమదేవ వర్మ సంస్థానం ఒరిస్సాలో ఉంటే, ఆయన పేరు పెట్టుకున్న సైన్సు కాలేజీ విశాఖలో ఉంది. ఏటికి కూడా అదే గతి పట్టింది. నీళ్లు పుట్టేది ఇటు, దూకేది సరిహద్దు మీద, ఆనకట్ట కట్టి నీళ్లు నిలిపితే మునిగేది రెండు వైపులా.

ఇక బేరాలు. కరెంటు కావాల్సింది మద్రాసుకు. రేవు, రైల్వే, మిల్లులు ఉన్నది దాని వైపే. ఒరిస్సాకు అప్పటికి అంత కరెంటు వాడే పరిశ్రమ లేదు. కానీ రేపు ఉండదని ఎవరన్నారు? ఇవాళ అవసరం లేదని వాటా వదులుకుంటే రేపు అడిగే మొహం ఉండదని ఒరిస్సా పట్టుబట్టింది. చివరికి 1946లో ఒప్పందం కుదిరింది: మద్రాసుకు 70 వంతులు, ఒరిస్సాకు 30 వంతులు. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ 70 వంతులు ఆంధ్రకు వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో ఒడిశా తన వాటాను సగానికి పెంచుకుంది. 1946లో పట్టుబట్టిన వాళ్ల ముందుచూపు వృథా పోలేదన్న మాట.

వించ్ మీద లోయలోకి

కొండ మీద జోలాపుట్ జలాశయం. వాన నీళ్లు నిలవ ఉండేది అక్కడ. కింద డుడుమ దగ్గర చిన్న ఆనకట్ట నీటిని జలపాతం వైపు పోనీకుండా పక్కకు మళ్లిస్తుంది. అక్కడి నుంచి కొండ వాలున వేసిన భారీ గొట్టాల్లో నీళ్లు నిటారుగా కిందికి దిగుతాయి. అడుగున, లోయలో, ఏటి పక్కన పవర్ హౌస్. ఆరు యూనిట్లు, మొదటి మూడు 17 మెగావాట్లవి, తర్వాతి మూడు 21.25 మెగావాట్లవి. అన్నీ కలిపి 114.75 మెగావాట్లు.

ఉద్యోగుల కాలనీ పైన ఒనకఢిల్లీలో, పని కింద. మధ్యలో దాదాపు నిలువు కొండ. అందుకని వించ్ పెట్టారు. ఉక్కు తాడు కట్టిన ట్రాలీ పట్టాల మీద మెల్లగా లోయలోకి దిగుతుంది. షిఫ్టు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, సామాన్లు, అన్నం క్యారేజీలు, అన్నీ దాని మీదే. ఎక్కినవాళ్లకు ఎదురుగా కొండలు పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి, కాళ్ల కింద గొట్టాల్లో నీళ్లు పరుగెత్తుతుంటాయి. మాచ్‌ఖండ్‌లో పనిచేసిన కుటుంబాల్లో పిల్లలకు ఇప్పటికీ గుర్తున్నది టర్బైన్లు కాదు, వించ్.

1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ కేంద్రాన్ని ప్రారంభించారు. 1941లో విశాఖలో సింధియా ఓడల యార్డుకు శంకుస్థాపన చేసిందీ ఆయనే. ఘాట్ రోడ్డున బరువైన యంత్రాలు ఎక్కించడం, ఏజెన్సీ మలేరియాతో మంచం పట్టడం, ఇవన్నీ దాటుకుని వచ్చిన కరెంటు అది. తీగలు కొండలు దిగి విశాఖకు, అక్కడి నుంచి గోదావరి జిల్లాలకు సాగాయి. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడేనాటికి రాష్ట్రం మొత్తం స్థాపిత సామర్థ్యం 213 మెగావాట్లు. అందులో మాచ్‌ఖండ్ వాటా 80 మెగావాట్లు. అంటే రాష్ట్రంలో మూడో వంతుకు పైగా ఒక్క లోయ నుంచే వచ్చేది.

కాబట్టి ఒక మాట ధైర్యంగా అనొచ్చు. నేటి భాషలో చెబితే 1950ల చివర్లో విశాఖ ‘పచ్చ కరెంటు’ ఊరు. రేవులో క్రేన్లు, 1957లో వచ్చిన కాల్టెక్స్ రిఫైనరీ, వాల్తేరు వీధి దీపాలు, సినిమా హాళ్లు, అన్నింటికీ ముఖ్యమైన ఆధారం వాన నీరే. అప్పుడు ఆ పేరు ఎవరూ పెట్టలేదు. నీటి కరెంటు చౌక, ఉంది, వాడుకున్నారు. దేశం మొత్తం మీద కూడా 1960ల మొదట్లో స్థాపిత సామర్థ్యంలో దాదాపు సగం జలవిద్యుత్తే.

నార్వేలో ఒక లోయ, మన లోయ

మాచ్‌ఖండ్ పక్కన పెట్టి పోల్చి చూడటానికి ఒక ఊరుంది. నార్వేలో ర్యూకాన్. అక్కడా లోయ, అక్కడా జలపాతం. సామ్ ఐడే అనే ఇంజినీరు 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పెట్టి ఆ జలపాతాన్ని ఎరువుల ఫ్యాక్టరీకి కట్టేశాడు. 1911లో వేమోర్క్ కేంద్రం మొదలైంది. సామర్థ్యం 108 మెగావాట్లు, ఆ రోజున ప్రపంచంలోకెల్లా పెద్దది. మన మాచ్‌ఖండ్ 114.75. ఎత్తులోనూ, నీటి పద్ధతిలోనూ రెండూ ఒకే తీరువి. తేడా 44 ఏళ్లు.

ర్యూకాన్ లోయ ఎంత ఇరుకంటే శీతాకాలంలో ఆరు నెలల పాటు ఊళ్లో ఎండ పడదు. కార్మికులు కొండెక్కి కాస్త ఎండ చూసి రావాలని కంపెనీ 1928లో తాళ్ల మీద నడిచే కేబుల్ కారు వేయించింది. వాళ్లది ఎండ కోసం పైకి, మనది పని కోసం కిందికి.

అసలు తేడా యంత్రాల్లో లేదు, చట్టంలో ఉంది. విదేశీ పెట్టుబడి తమ జలపాతాలన్నీ కొనేస్తోందని నార్వే వాళ్లు 1906 నుంచే కంగారు పడ్డారు. 1909, 1917 చట్టాలతో రెండు షరతులు పెట్టారు. ప్రైవేటు వాళ్లు కట్టిన కేంద్రం గడువు తీరాక ఉచితంగా ప్రభుత్వానికి దఖలు పడాలి. జలపాతం ఉన్న స్థానిక మునిసిపాలిటీలకు ఉత్పత్తిలో పదో వంతు దాకా కరెంటును చౌక ధరకు ఇవ్వాలి. కొండ ఊళ్ల బడులూ రోడ్లూ ఆ డబ్బుతో పడ్డాయి. ఇవాళ నార్వే కరెంటులో పదింట తొమ్మిది వంతులు నీటిదే అంటే వానలూ కొండలూ మాత్రమే కారణం కావు. తమ లోయను అమ్ముకోవడానికి ఊళ్లు ఎందుకు ఒప్పుకున్నాయో కూడా చూడాలి.

మన వైపు? జోలాపుట్ నీళ్ల కింద వేల మంది ఇళ్లూ పొలాలూ పోయాయి. వాళ్లలో సగం మందికి పైగా ఆదివాసులు. నెత్తి మీదుగా తీగలు పోతుంటే, కింద గూడేల్లో దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డే దిక్కయింది. నీటి కరెంటులో పొగ ఉండదన్నది నిజమే. ఖర్చు ఉండదనుకుంటే పొరపాటు. ఆ ఖర్చు విశాఖ బిల్లులో ఎప్పుడూ కనపడలేదు.

ఇక్కడే దేశాల మధ్య పోలికల పట్టికల గురించి ఒక్క మాట. ‘ఏ దేశంలో ఎంత శాతం పునరుత్పాదకం’ అని వేసే లెక్కల్లో చాలావాటిలో వంటచెరుకు కూడా కలుస్తుంది. 1960ల విశాఖ వంటింట్లోకి వెళ్లి చూస్తే కట్టెల పొయ్యి, బొగ్గుల కుంపటి, రంపపు పొట్టు దట్టించిన పొట్టు పొయ్యి. భీమిలి దారిలో సరుగుడు తోటలు, కొండల నుంచి నెత్తిన మోపులతో దిగే ఆడవాళ్లు. పట్టిక ప్రకారం ఇదంతా అచ్చమైన పునరుత్పాదక ఇంధనం. పొగకు కళ్లు మండిపోయే గృహిణిని అడిగితే ఏమంటుందో పట్టికకు తెలియదు. అందుకే పాత కాలపు భారత్ శాతం చూసి మురిసిపోవడం, తర్వాత తగ్గిందని చింతించడం, రెండూ తొందరపాటే. కరెంటు ఎంత వాడారు, ఎవరికి అందింది అనేవి కూడా పక్కన రాసుకుంటే గానీ ఆ శాతానికి అర్థం రాదు.

ఒకే నీరు, నాలుగైదు సార్లు

డుడుమ తర్వాత ఇంజినీర్లకు రుచి మరిగింది. ఏరు ఒక్కటే, కానీ దిగాల్సిన కొండ ఇంకా చాలా ఉంది. కింద బలిమెల దగ్గర ఆంధ్ర, ఒడిశా కలిసి ఆనకట్ట కట్టి నీళ్లు చెరి సగం పంచుకున్నాయి. ఎగువ సీలేరు మొదటి యూనిట్లు 1967-68లో తిరిగాయి. తర్వాత మరో రెండు చేరి 240 మెగావాట్లయ్యాయి. డొంకరాయిలో 25. మోతుగూడెం దగ్గర దిగువ సీలేరు 1976-78 మధ్య వచ్చింది, 460 మెగావాట్లు. జోలాపుట్‌లో నిలిచిన వాన చుక్క గోదావరిలో కలిసేలోగా ఇన్ని చోట్ల టర్బైన్లు తిప్పి పోతుంది. తూర్పు కనుమల్లో ఇంత పొదుపుగా వాడుకున్న ఏరు మరొకటి లేదు.

కానీ విశాఖ ఆకలి ఏటి కన్నా వేగంగా పెరిగింది. బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కు పంపడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం, రేవులో 1965లో యాంత్రిక ఖనిజ ప్లాంటు, 1967లో కోరమాండల్ ఎరువులు, బీహెచ్‌పీవీ, ఆపై జింకు స్మెల్టరు, 1976లో ఔటర్ హార్బర్. జింకు లాంటి లోహాన్ని కరెంటుతోనే వేరు చేస్తారు. అక్కడ కరెంటు ముడిసరుకుతో సమానం. మరోవైపు గ్రామాలకు లైన్లు, బావులకు మోటార్లు. వాడేవాళ్లు వేలల్లోంచి లక్షల్లోకి వెళ్లారు.

అప్పుడు వాన మొహం చాటేసింది. 1972-73 కరువు రాష్ట్రాన్ని నీళ్లకే కాదు, కరెంటుకూ కటకట పెట్టింది. జలాశయాల్లో మట్టం పడిపోతే టర్బైను ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? కోతలు మొదలయ్యాయి. పూట పూటకూ వేళలు, పరిశ్రమలకు సెలవు రోజులు, ఇళ్లలో సాయంత్రం అయ్యేసరికి బల్బు ఎర్రగా మారి లోపలి తీగ కనపడే లోవోల్టేజీ. అటక మీద పెట్టేసిన లాంతర్లు మళ్లీ కిందికి దిగాయి. ముగ్గుతో చిమ్నీ తుడవడం పిల్లల సాయంత్రపు పని అయింది. ‘కరెంటొచ్చింది!’ అని వీధి వీధంతా పిల్లలు ఒక్కసారి అరిచే అరుపు ఆ తరానికి బాగా ఎరుక.

నీటి కరెంటును ఒక్కదాన్నే నమ్ముకోకూడదన్న పాఠం విద్యుత్ బోర్డు ఆ కరువులో నేర్చుకుంది. సింగరేణి బొగ్గు చేతిలో ఉంది. కొత్తగూడెం విస్తరించింది, 1979-80లో విజయవాడ థర్మల్ వచ్చింది, తర్వాత ఎన్టీపీసీ రామగుండం.

అదే ఏడు, డెన్మార్క్‌లో

1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. డెన్మార్క్ తన ఇంధనంలో పదింట తొమ్మిది వంతులకు చమురు మీదే ఆధారపడింది. ఆ శీతాకాలం ఆదివారాలు కార్లు తియ్యొద్దని ప్రభుత్వం ఆజ్ఞ వేస్తే జనం రోడ్ల మీద సైకిళ్లు తొక్కారు.

డెన్మార్క్ కథను ఇప్పుడు చెప్పేవాళ్లు ఇక్కడి నుంచి నేరుగా గాలిమరల దగ్గరికి దూకేస్తారు. 1891లోనే ఆస్కోవ్‌లో పౌల్ లా కూర్ గాలితో కరెంటు తీశాడు, 1957లో యోహానెస్ యూల్ గెడ్సర్ దగ్గర మూడు రెక్కల మర నిలబెట్టాడు, 1978లో ట్వింద్‌లో ఉపాధ్యాయులూ వలంటీర్లూ కలిసి పెద్ద మర కట్టారు, రైతులు సహకార సంఘాలుగా మరలు కొన్నారు, 1985లో అణు విద్యుత్ వద్దని పార్లమెంటు తీర్మానించింది. అన్నీ నిజాలే. మధ్యలో ఒక అధ్యాయాన్ని మాత్రం మింగేస్తారు: చమురు దెబ్బ తగలగానే డెన్మార్క్ మొదట పరుగెత్తింది బొగ్గు దగ్గరికి. 1980ల్లో అక్కడి కరెంటులో పదింట తొమ్మిది వంతుల దాకా బొగ్గుదే, అదీ దిగుమతి బొగ్గు. అదే సమయంలో మన రాష్ట్రంలో సీలేరు, నాగార్జున సాగర్, శ్రీశైలం తిరుగుతున్నాయి. 1985లో పట్టిక వేసి ఉంటే ఆంధ్రప్రదేశ్ పైనా, డెన్మార్క్ కిందా ఉండేవి!

మరి తర్వాత వాళ్లు ఎలా ముందుకెళ్లారు? నా మటుకు నాకు కనిపించే కారణం ఒకటే. బొగ్గు కాలుస్తూ కూడా వాళ్లు గాలిమరను వదిలిపెట్టలేదు. 1979 నుంచి మర కొన్నవారికి ప్రభుత్వం ఖర్చులో మూడో వంతు దాకా ఇచ్చింది. మర చిన్నదే, విరిగేది, బాగు చేసేవారు, మళ్లీ కట్టేవారు. 1991లో విండెబీ దగ్గర ప్రపంచంలో మొదటిసారి సముద్రంలో గాలిమరలు నిలబెట్టినప్పుడు అవి మొత్తం 11. ఒక్కోటి 450 కిలోవాట్లు. కలిపితే 5 మెగావాట్లు కూడా లేవు. 2020ల నాటికి ఆ దేశపు కరెంటులో సగానికి పైగా గాలిదే.

విశాఖ తీరంలోనూ ఆ రోజుల్లో గాలి శక్తి వాడేవాళ్లు ఉన్నారు. జాలరిపేట నుంచి తెప్పల మీద తెరచాప కట్టుకుని వేటకెళ్లే మత్స్యకారులు. 1976లో ఫిషింగ్ హార్బర్ వచ్చాక మరబోట్లు పెరిగాయి, డీజిలు పీపాలు వచ్చాయి, తెరచాపలు తగ్గుతూ పోయాయి. డెన్మార్క్ గాలి వైపు నడుస్తున్న పదిహేనేళ్లలోనే విశాఖ గాలిని వదులుకుంది. ఇందులో జాలరిని తప్పుపట్టడానికేమీ లేదు; మోటారు పెట్టుకున్నవాడు చేపల కోసం ఎక్కువ దూరం పోయి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేవాడు.

ఢిల్లీ కూడా ఊరుకోలేదు. 1982లో సంప్రదాయేతర ఇంధన విభాగం, 1992లో దానికో ప్రత్యేక మంత్రిత్వ శాఖ వచ్చాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో గోబర్ గ్యాస్ తొట్లు, పొగ రాని పొయ్యిలు, ప్రదర్శనల్లో సోలార్ కుక్కర్లు కనిపించాయి. కరెంటు తీసే పెద్ద పని మాత్రం బొగ్గుదే.

ఉక్కు వేడి

1966లో ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అంటూ 32 మంది ప్రాణాలు పోయాక, 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ ప్రకటన, 1971 జనవరిలో శంకుస్థాపన, ఆ తర్వాత ఏళ్ల తరబడి నిధుల కరువు. ఆ పోరాటం ఈ ధారావాహికలో వేరే భాగానికి దాచి ఉంచాను. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ‘గోదావరి’ రాజుకుంది. 1992 ఆగస్టులో పి.వి.నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు.

ఉక్కు అంటేనే బొగ్గు. అయినా ఈ కథలో దానికి చోటివ్వడానికి కారణం కోక్ ఓవెన్లు. ఓవెన్‌లోంచి వచ్చే కోక్ దాదాపు 1,000 డిగ్రీల వేడితో ఎర్రగా ఉంటుంది. మామూలుగా దాని మీద నీళ్లు కుమ్మరిస్తారు. ఆవిరి మబ్బు లేస్తుంది, వేడి అంతా గాలిలో కలుస్తుంది. విశాఖలో సోవియట్ పద్ధతి తెచ్చారు, దేశంలో ఇదే మొదలు. ఎర్రటి కోక్‌ను మూసిన గదిలో వేసి నైట్రోజన్ ఊదుతారు. కోక్ నల్లబడుతుంది, వేడెక్కిన వాయువు బాయిలర్‌లో నీళ్లను ఆవిరి చేస్తుంది, ఆవిరి టర్బైను తిప్పుతుంది. ఫర్నేస్ నెత్తిన వచ్చే గ్యాసు ఒత్తిడితోనూ టర్బైన్లు తిప్పారు. తర్వాత జపాన్ సాయంతో సింటర్ ప్లాంటులో వృథా వేడి నుంచి 20.6 మెగావాట్ల కేంద్రం కట్టారు. పారేసే వేడి పునరుత్పాదకం ఎలా అవుతుందని పెదవి విరిచేవాళ్లు ఉంటారు, వాళ్ల మాటా సబబే. అయితే 1990లో విండెబీ ఇంకా లేదు, దేశంలో సోలార్ అంటే వీధి లాంతరు. విశాఖలో కొత్త బొగ్గు కాల్చకుండా కరెంటు తీసిన పెద్ద ప్రయత్నం ఇదే.

రెండు గ్రిడ్ల గుమ్మం

1990ల్లో దేశం తలుపులు తెరిచింది. విదేశీ పెట్టుబడికి కేంద్రం ఎనిమిది ‘ఫాస్ట్ ట్రాక్’ విద్యుత్ ప్రాజెక్టులు ఎంచింది. మహారాష్ట్రలో దాభోల్ వాటిలో ఒకటి, విశాఖలో హిందూజాల ప్రాజెక్టు ఇంకొకటి. పేరు ఫాస్ట్ ట్రాక్. విశాఖలో కరెంటు వచ్చింది 2016లో. ఈ వేగం మీద వ్యాఖ్య అనవసరం.

ఈలోగా పరవాడలో ఎన్టీపీసీ పని కానిచ్చేసింది. జపాన్ రుణం కూడా తోడైన సింహాద్రి కేంద్రంలో 500 మెగావాట్ల మొదటి రెండు యూనిట్లు 2002లో వచ్చాయి. ఆ వెయ్యి మెగావాట్లూ ఆంధ్రప్రదేశ్‌కే. 2011-12లో మరో రెండు చేరి 2,000 మెగావాట్లయ్యాయి. ఆరు దశాబ్దాల నాడు అబ్బురమనిపించిన మాచ్‌ఖండ్‌కు పదిహేడు రెట్లు. బొగ్గు ఒడిశా తాల్చేరు నుంచి రైల్లో వస్తుంది. మంచినీళ్లకు కటకట పడే ఊళ్లో అంత పెద్ద కేంద్రాన్ని చల్లబరచడం ఎలా? సముద్రపు నీటినే గొట్టాల్లో తెచ్చి, ఆకాశాన్నంటే కూలింగ్ టవర్లలో తిప్పుతారు. అచ్యుతాపురం వైపు నుంచి చూస్తే ముందు కనపడేవి అవే. బూడిద మాత్రం చెరువు నిండా. వేసవి గాలికి అది లేస్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రోడ్డెక్కిన సందర్భాలు ఉన్నాయి. 1950ల్లో జోలాపుట్ వాళ్లు మోసిన ఖర్చు ఇప్పుడు పరవాడ వాళ్ల పాలబడింది. వీళ్లు ఊరికి దగ్గరగా ఉన్నారు కాబట్టి అరిస్తే వినిపించింది.

ఇంకో పని గాజువాకలో జరిగింది. అప్పట్లో దక్షిణాది గ్రిడ్, తూర్పు గ్రిడ్ వేర్వేరు లయలో నడిచేవి. నేరుగా కలిపితే రెండూ కూలతాయి. ఒడిశాలో కరెంటు మిగులు, ఇటు కొరత. 1999లో జయపురం నుంచి వచ్చే లైనుకు గాజువాకలో ఒక స్టేషన్ కట్టారు. అటు నుంచి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి, మళ్లీ ఏసీగా మార్చి ఇటు పంపుతుంది. ఒక్కసారికి 500 మెగావాట్లు. 2005లో ఇంకో 500. దక్షిణాది గ్రిడ్ 2013 డిసెంబరు 31న దేశంతో ఏకమయ్యేదాకా తూర్పు కరెంటు దక్షిణానికి దిగే గుమ్మాల్లో గాజువాక ముఖ్యమైనది. 1946లో 70కి, 30కి పేచీ పడ్డ రెండు రాష్ట్రాలు, అదే జయపురం పేరు మీద, మళ్లీ ఇచ్చిపుచ్చుకున్నాయి. ఎండా గాలీ ఎక్కువైతే అటూ ఇటూ పంపుకోవడానికి ఇలాంటి తీగలే దిక్కని అప్పుడు ఎవరూ అనుకోలేదు.

సింహాద్రి కొలిమి రాజుకునే నాటికే, 2000లో జర్మనీ ఒక చట్టం చేసింది. ఇంటి కప్పు మీద పలకలు పెట్టి కరెంటు అమ్మేవారికి 20 ఏళ్ల పాటు ఖాయమైన ధర. అప్పుడు ఆ దేశంలో పునరుత్పాదక కరెంటు ఆరు శాతం చుట్టుపక్కల. 2023లో సగం దాటింది. ఆ ధర కోసం జర్మనీ వినియోగదారులు కట్టిన ఖరీదైన బిల్లు చైనా ఫ్యాక్టరీలను పెంచింది, చైనా ఫ్యాక్టరీలు పలకల ధర పడగొట్టాయి. భారత్‌లో 2010 ప్రాంతంలో యూనిట్‌కు 17 రూపాయలు దాటి నిర్ణయించిన సోలార్ ధర, 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఆ పేచీలూ లాభాలూ తర్వాత చూద్దాం.

వచ్చే భాగం 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు మొదలవుతుంది. హుద్‌హుద్ తుపాను విశాఖ మీద తీరం దాటింది. టవర్లు వంగిపోయాయి, నగరం రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. ఆ తర్వాతే వీధి దీపాలు ఎల్ఈడీకి మారాయి, 2018లో ముడసర్లోవ చెరువు మీద 2 మెగావాట్ల తేలే సోలార్ పలకలు వచ్చాయి, 2021లో సింహాద్రి బొగ్గు కేంద్రం నీళ్ల చెరువు మీదే లక్షకు పైగా పలకలు పరిచారు. పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన గ్రీన్ హైడ్రోజన్ హబ్ దాకా వెళ్దాం. నీళ్లలోంచి కరెంటుతో హైడ్రోజన్ తీయడం కొత్త అనుకునేవాళ్లకు, 1961లో భాక్రా కరెంటుతో పంజాబ్‌లోని నంగల్ ఎరువుల ఫ్యాక్టరీ అదే పని ఎలా చేసిందో, తర్వాత దాన్ని ఎందుకు మానేసిందో కూడా అక్కడే చెబుతాను.